పద్నాలుగు చుక్కలు

నాలుగో పోటు, 112వ రోజు

ఉదయం ఆరింటికి గాలిచక్రం నిమిషానికి యాభై రెండు సార్లు తిరిగింది. నలభై దాటితే తెల్లజెండా, రోగుల్ని చూస్తాం. దాటకపోతే ఎర్రజెండా, చూడం. తెల్లది ఎత్తాను. దక్షిణపు కిటికీలు పదకొండూ తెరిచాను. ఏడో కిటికీ బందుకు ఉప్పు పట్టి కదలనంటే కొబ్బరినూనె పోసి కదిలించాను. ఉత్తరపు కిటికీల వలల మీద సముద్రకాకుల రెట్టలు గీకి కడిగాను. స్పిరిట్ సీసాలు పందొమ్మిది. మాస్కు పైఅంచును ముక్కుకు అంటించే బిళ్ళలు మూడు వందల ఆరు. సిస్టర్ గ్లోరీ పొద్దున్న లెక్కపెట్టినప్పుడు మూడు వందల ఎనిమిది ఉన్నాయట. తెగిన చెప్పుకు రెండు బిళ్ళలు అంటించుకున్న సంగతి ఆవిడ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒప్పుకున్నారు.

పాత పుస్తకం నిండిపోయినందున ఇది మొదలుపెడుతున్నాను. నా తరవాత దీన్ని పట్టుకునేవారు తికమకపడకూడదు కనుక కొన్ని సంగతులు ముందుగా రాస్తున్నాను.

ఇది ఇనుపమంచె. ఒకప్పుడు సముద్రంలోంచి చమురు తోడిన వేదిక. తీరం మునిగాక కంటి ఆసుపత్రి అయింది. నలభై ఒక్క పడవపల్లెలకు ఇదొక్కటే. ఇక్కడ నలుగురం ఉంటాం. డాక్టర్ నఫీసా గారు, కత్తి పట్టగలిగిన ఒకే ఒక్క మనిషి. సిస్టర్ గ్లోరీ. రోగుల్ని బుట్టలో కూర్చోబెట్టి పడవల నుంచి పైకి లాగే అప్పలస్వామి. నేను, గరికిన భూషణం, వయసు నలభై ఆరు, రక్షణ నియమాలు నా బాధ్యత. ఎవరూ నాకు నేర్పలేదు. ఇరవై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేశాను. చల్లటి గాలి గదిలో ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో తెలుసుకున్నాను. ఆవిరి జబ్బు వచ్చాక, ఊపిరి కూడా అలాగే పోతుందని పుస్తకాలు చదివి నిర్ధారించుకున్నాను.

జబ్బు వచ్చిపోయే ఒక్కో విడతను ఇక్కడ పోటు అంటారు. రెండో పోటులో డాక్టర్ కామరాజు గారు పోయారు. కంటి డాక్టరంత దగ్గరగా రోగి ముఖంలోకి చూసే డాక్టరు మరొకరు లేరు. కంట్లోకి చూసే దీపపు యంత్రం ముందు కూర్చుంటే ఇద్దరి ముక్కుల మధ్య జానెడున్నర దూరం ఉంటుంది. కామరాజు గారికి రోగులతో కబుర్లంటే ఇష్టం. ఒక వలల వ్యాపారి తన ముగ్గురు కూతుళ్ళ సంగతులు పావుగంట చెప్పాడు, ఆయన నవ్వుతూ విన్నారు. పదకొండో రోజున పోయారు.

ఆ తరవాత నేను రాసిన నియమాలు ఇరవై మూడు. ముఖ్యమైనవి ఇవి.

రోగి రాగానే పైకి రాకూడదు. కింద లంగరేసిన ఆగుడుపడవలో రెండు రోజులుండాలి. వచ్చిన రోజే మాటలగొట్టంలో నేను కంటి బాధ అడిగి రాసుకుంటాను. మూడో రోజు జ్వరం, దగ్గు మళ్ళీ అడిగి, ఎంగిలి కాగితం పరీక్ష చేసి (జబ్బుంటే కాగితం నీలమవుతుంది) పైకి తెస్తాం.

దీపం గదిలో ఎవరూ మాట్లాడకూడదు. రోగీ, డాక్టరూ ఇద్దరూ. ఎవరైనా మాట్లాడితే గది అద్దం అవతలి నుంచి చూస్తున్న నేను గంట కొడతాను.

నాలుగు నిమిషాలు మించకూడదు. బాధ చెప్పిన కన్ను మాత్రమే చూడాలి.

ఇద్దరి మధ్యా చెమ్మగాజు ఉంటుంది. ఊపిరి తడి పడినచోట దాని మీద నీలం చుక్క లేస్తుంది. ఒక్కో రోగి వెళ్ళాక నేను చుక్కలు లెక్కపెట్టి, రాసి, స్పిరిట్‌తో తుడుస్తాను. ఐదు లోపు మంచిది. పది దాటితే హెచ్చరిక చీటీ.

ఈ నియమాలు పెట్టాక ఒక పోటు గడిచింది, ఇది రెండోది. మాలో ఎవరికీ జబ్బు రాలేదు.

117వ రోజు

గాలి నలభై ఎనిమిది. రోగులు తొమ్మిది మంది. ఐదో రోగి వివరం కింద రాస్తున్నాను, హెచ్చరిక చీటీ ఇచ్చినందున.

మైలపల్లి పోలమ్మ, యాభై ఒక్క ఏళ్ళు, కొత్తరేవు పడవ సరంగు. ఎడమ కంట్లో శుక్లం, మూడేళ్ళ నుంచి. నొప్పి లేదు. కుడి కన్నుకు బాధ లేదు. ఇది 115వ రోజున గొట్టంలో చెప్పినది. నేడు జ్వరం లేదు, దగ్గు లేదు, కాగితం తెల్లగా ఉంది. దీపం దగ్గర రెండుసార్లు మాట్లాడబోయారు. మొదటిసారి గంట కొట్టాను. రెండోసారి అద్దం తట్టి, పెదవి మీద వేలు పెట్టి చూపించాను. ఆగిపోయారు. చుక్కలు పద్నాలుగు. డాక్టరు గారి నిర్ణయం: ఎడమ కంటి ఆపరేషను పోటు తగ్గాక చేయవచ్చు.

చీటీ తీసుకుని బుట్టలో దిగుతూ ఆవిడ అప్పలస్వామితో, ఈ బాబుకి పెళ్ళాముందా, ఉంటే ఇంట్లో కూడా గంట కొట్టే నోరు మూయిత్తారా అని అడిగారట. అప్పలస్వామి ఈ మాట సాయంత్రం దాకా అందరికీ చెప్పాడు. సిస్టర్ గ్లోరీ నేను ఎదురైనప్పుడల్లా గరిటెతో గిన్నె మీద టంగుమనిపించారు.

119వ రోజు

గాలి నలభై నాలుగు. రోగులు ఆరుగురే.

పదకొండింటికి కొత్తరేవు నుంచి రేడియోలో కబురు వచ్చింది. మునిగిన ఊరి కరెంటు గుంజల మధ్య పోలమ్మ నడుపుతున్న పడవ ఒక గుంజను గుద్దింది. పన్నెండు మంది ఉన్నారు. ఎవరూ మునగలేదు. ఒకాయనకు కాలు విరిగింది. పట్టపగలు, నిండు నీటిలో, ముప్ఫై ఏళ్ళుగా రోజుకు నాలుగుసార్లు తిరిగే దారిలో జరిగింది. రేవు సంఘం వాళ్ళు ఆవిడ సరంగు బిళ్ళ లాగేసుకున్నారు. కళ్ళు బాగున్నాయని ఆసుపత్రి రాసిస్తేనే తిరిగిస్తామన్నారు.

డాక్టరు గారు రేడియో అందుకుని పోలమ్మను పిలిపించమన్నారు. నేను పక్కనే ఉండి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"కుడికన్నమ్మా. కిందనుంచి నల్లగా ఎక్కుతోంది. పడవలోకి నీళ్ళెక్కినట్టు. గుంజ ఆ నలుపులో ఉండిపోయింది, కనబళ్ళేదు."

ఎప్పటినుంచి అని డాక్టరు గారు అడిగారు.

"ఆగుడుపడవలో ఉండగానే. తొలిరోజు గొట్టంలో అన్నీ సెప్పేక, మర్నాటి పొద్దున్నుంచి. ముందు మెరుపుల్లాగొచ్చి, తరవాత నలుపొచ్చింది. మీకాడ కూకున్నప్పుడు సెప్దామని రెండుసార్లు నోరు తెరిసేను. ఆ బాబు గంట కొట్టేరు. పోనీలే, డాక్టరమ్మ సూసింది గదా, ఏదైనా ఉంటే ఆవిడే సెప్పుద్ది గదా అనుకున్నాను."

డాక్టరు గారు చూసింది ఎడమ కన్ను. నియమం ప్రకారం.

కంటి వెనక పొర ఊడిపోతోందని, ఇది నొప్పి లేకుండా గుడ్డి చేసే జబ్బని, గంటల లెక్కన చూడవలసినదని డాక్టరు గారు నాతో చెప్పారు. ఎడమ కన్ను ఎలాగూ శుక్లంతో మూసుకుని ఉంది. అంటే ఆవిడకు ఉన్నది ఈ ఒక్క కన్ను. వెంటనే బయలుదేరమని చెప్పించాం, తెడ్డు పడవ కనుక చేరేసరికి తెల్లారుతుందన్నారు.

నేను 117వ రోజు పేజీ తీసి చదువుకున్నాను. ఆవిడ చెప్పబోయినదానికి నా దగ్గర పద్నాలుగు చుక్కలున్నాయి. ఒక్క మాట లేదు. మూడో రోజున మేము జ్వరాన్ని మళ్ళీ అడిగాం, దగ్గును మళ్ళీ అడిగాం. కంటి ఆసుపత్రిలో కంటి గురించి మళ్ళీ అడిగే ఏర్పాటు నేను చేయలేదు. ఆ ప్రశ్న ఎక్కడా లేదు. నాలుగేళ్ళుగా లేదు. ఇంతకుముందు ఎంతమంది నోరు తెరిచి మూసుకున్నారో నా చుక్కల పట్టికలు చెప్పలేవు. అయినా సాయంత్రం కూర్చుని లెక్కపెట్టాను. పది దాటినవారు ముప్ఫై ఒక్కమంది.

120వ రోజు

ఉదయం ఆరింటికి పోలమ్మ పడవ వచ్చింది. ఆవిడ తమ్ముడు కొడుకు ధనరాజు తెడ్డు వేస్తున్నాడు. పైనుంచి వినబడేలా దగ్గు. ఎంగిలి కాగితం దించి, తీసి చూశాం. మొత్తం నీలం. నూట రెండు జ్వరం.

జబ్బుతో ఉన్నవారు ఇనుపమంచె ఎక్కకూడదన్నది మూడో నియమం.

వంటగదిలో ముగ్గురం నిలబడ్డాం. సిస్టర్ గ్లోరీ ముందే చెప్పేశారు.

"నేనొప్పుకోనండి. కామరాజు గారిని గుడ్డలో చుట్టి బుట్టలో దించింది నేను, మీరు కాదు. ఈవిడ కూడా అలా వెళ్తే నలభై పల్లెలకి కళ్ళెవరు చూస్తారు? ఒక్క కన్ను కోసమా?"

డాక్టరు గారు చేయవలసిన పని వివరించారు. పైభాగంలో చిరుగు ఉంటే పెద్ద ఆపరేషను అక్కర్లేదని, చిరుగు చుట్టూ, కొన మంచులా చల్లబడే చల్లకలంతో గడ్డకట్టించి, సన్నటి సూదితో కంట్లోకి గ్యాసు బుడగ పంపితే అది పైకి తేలి పొరను అదిమిపెడుతుందని, పది పదకొండు నిమిషాల పని అని చెప్పారు. నీడ కింద నుంచి ఎక్కుతున్నదంటే చిరుగు పైనే ఉన్నట్టు. ఆ తరవాత నా వైపు తిరిగారు.

"భూషణం గారూ, ఒక్క మాట. మీ మనసు తేలికపడటానికి నన్ను ఆవిడ దగ్గరికి పంపకండి. నాకేమవుతుందో అన్న భయంతో ఆపనూ వద్దు. వెళ్ళవచ్చా, కూడదా? ఆ సంగతి మీకు తెలుసు. అదొక్కటే చెప్పండి."

నాకు రాత్రంతా నిద్ర లేదు. వెళ్ళండి అనే మాట నాలుక చివరే ఉంది. అది ఎక్కడినుంచి వస్తున్నదో నాకు తెలుసు కనుక ఆగి, కాగితం తీసి రాసి, చదివి వినిపించాను.

పైకి తేకూడదు. నీటిమట్టానికి మనిషెత్తు పైన ఉన్న దిగువమెట్టు మీద చేయాలి. అక్కడ గోడలు లేవు. రోగి ఉత్తరాన, మనం దక్షిణాన. ముగ్గురికి మించి ఉండకూడదు. పన్నెండు నిమిషాలు దాటకూడదు. గాలి నలభై దాటాలి.

"ఇప్పుడెంత?" అన్నారు డాక్టరు గారు.

ఇరవై మూడు. ఆవిడ దగ్గితే ఆవిరి ఇద్దరి ముఖాల మధ్యే నిలబడుతుంది. సముద్రపు గాలి పదింటికి, ఒక్కోసారి పదకొండున్నరకు లేస్తుంది.

"నీడ చూపు నడిమికి చేరితే పాత చూపు మళ్ళీ రాదు. అది తెలిసి చెబుతున్నారా?"

తెలిసే చెబుతున్నానన్నాను. ఎర్రజెండా ఎత్తాను.

ఆవిడను పడవలో వెల్లకిలా పడుకోబెట్టి తల కదలనివ్వవద్దని డాక్టరు గారు చెప్పారు. గొట్టం చివర పడవలోకి దించి, అన్ని సంగతులూ పోలమ్మకు నేనే చెప్పాను. ఆగవలసిన కారణం, ఆగితే పోయేది, ఆగమన్నది ఎవరు, అన్నీ. కాసేపు దగ్గు వినబడింది.

"గాలి కోసం ఆగమని సరంగుకి సెప్పాలా బాబూ? ఎంతసేపు?"

తెలియదన్నాను.

"మరి మాటాడొచ్చా, గంట కొడతారా?"

మాట్లాడవచ్చన్నాను. నీడ ఎంతవరకు వచ్చిందో అరగంటకోసారి చెప్పాలన్నాను. పడవ గూడుకు పదకొండు వెదురుబద్దలున్నాయి. నడిమిది ఆరోది, సరిగ్గా ఆవిడ కళ్ళ మీదుగా. దాన్నే చూస్తూ, కాళ్ళ వైపు నుంచి ఎన్ని బద్దలు కనబడటం లేదో లెక్కపెట్టమన్నాను. పట్టిక ఇది.

ఆరున్నర: రెండు బద్దలు పోయాయి. గాలి ఇరవై మూడు.
ఏడున్నర: రెండున్నర. గాలి ఇరవై ఆరు.
ఎనిమిదిన్నర: మూడు. గాలి ఇరవై నాలుగు.
తొమ్మిదిన్నర: నాలుగు. గాలి ముప్ఫై ఒకటి.
పది పది: ఐదో బద్ద సగం పోయింది. గాలి ముప్ఫై ఐదు.

అరగంట లెక్క తప్పింది. తరచుగా అడగలేకపోయాను. అడిగినప్పుడల్లా ఆవిడ చెప్పవలసి వస్తుంది, నేను రాసుకోవలసి వస్తుంది.

పది నలభైకి ఆవిడే పిలిచారు.

"ఆరోది పోయింది బాబూ. దాన్నే సూత్తన్నాను, అదే లేదు."

గాలి ముప్ఫై ఆరు.

పదకొండింటికి ముప్ఫై ఎనిమిది. గౌను తొడుక్కుని మెట్ల దగ్గర నిలబడిన సిస్టర్ గ్లోరీ, పొద్దున్న వద్దన్న మనిషే, ముప్ఫై ఎనిమిదికీ నలభైకీ ఏంటండీ తేడా అన్నారు. నేను గాలిచక్రాన్ని మళ్ళీ లెక్కపెట్టాను. డాక్టరు గారు జెండాకర్ర వైపు చూడటం మానేసి, కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

పదకొండు ఇరవై ఐదుకు నలభై ఒకటి. తెల్లజెండా ఎత్తాను.

దిగువమెట్టు మీద పోలమ్మను పడుకోబెట్టి, మాస్కు అంచును ముక్కు మీదుగా బిళ్ళలతో అంటించాం. సిస్టర్ గ్లోరీ తల పట్టుకున్నారు. చల్లకలం గ్యాసు మర నా చేతిలో ఉంది, అది నా పాత వృత్తి. పైన, గడియారంలో పన్నెండు అంకె ఉండేచోట, ఒకే చిరుగు ఉందని, వేలుతో చూపించి డాక్టరు గారు పని మొదలుపెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. ఏడో నిమిషంలో, సూది దించడానికి ముందు, పోలమ్మ చెయ్యి పైకెత్తారు. డాక్టరు గారు వెంటనే చెయ్యి వెనక్కి తీశారు. ఆవిడ ముఖం ఉత్తరానికి తిప్పి, దగ్గంతా సముద్రంలోకి దగ్గి, మళ్ళీ తల యథాస్థానంలో పెట్టి, కానివ్వమన్నట్టు చెయ్యి దించారు. అలా చేయాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. గాలి ఎటు వీస్తున్నదో ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

మొత్తం పన్నెండు నిమిషాల నలభై సెకన్లు. నలభై సెకన్లు ఎక్కువ.

122వ రోజు

గాలి యాభై. పోలమ్మ జ్వరం నూట ఒకటి. కింద ఆగుడుపడవలో కూర్చుని ఉన్నారు. బుడగ సరిగ్గా చిరుగు మీద ఉండాలంటే పడుకోకూడదు, తల వంచకూడదు. ఐదు రోజులు గోడకానుకుని నిటారుగా ఉండాలి. దగ్గు వచ్చినప్పుడల్లా తల ముందుకు పడుతుంది. అందుకని పగలంతా గొట్టం దగ్గర నేను, తరవాత సిస్టర్ గ్లోరీ కూర్చుని, పావుగంటకోసారి తల నిలబెట్టమని చెబుతున్నాం.

నియమాలలో మార్పులు చేశాను. మూడో రోజున, బుట్ట ఎక్కేముందు, ఈ రెండు రోజుల్లో కంట్లో కొత్తగా ఏమైనా కనిపించిందా, కనిపించడం మానేసిందా అని రెండు కళ్ళకూ విడివిడిగా అడగాలి. దీపం గదిలో రోగి చెయ్యి ఎత్తితే డాక్టరు వెనక్కి జరగాలి, రోగిని గొట్టం గదిలోకి పంపి సంగతి పూర్తిగా విన్నాకే మళ్ళీ కూర్చోబెట్టాలి. రెండు కళ్ళూ చూడాలి. ఇందుకు నాలుగు నిమిషాలు చాలవు, ఆరు కావాలి. రోజుకు రోగులు తొమ్మిది నుంచి ఆరుకు తగ్గుతారు. ఆ ముగ్గురికి ఏమవుతుందో ఇంకా లెక్క వేయలేదు. మాట్లాడకూడదన్న నియమాన్ని తీసేయలేదు. తీసేయనని డాక్టరు గారికి చెప్పాను. తీయమని ఆవిడ కూడా అనలేదు.

సాయంత్రం ఐసు ఫ్యాక్టరీనాటి పాత పుస్తకం వెతికి తీశాను. నలభై అన్న అంకె ఎక్కడిదో చూడాలనిపించింది. మొదటి పోటులో సాంబ్రాణి పొగ పెట్టి, గాలి ఎంత ఉంటే పొగ రెండు ముఖాల మధ్య నిలవకుండా పోతుందో పద్దెనిమిది సార్లు పరీక్షించాను. ముప్ఫై నాలుగు దగ్గర పద్దెనిమిది సార్లూ పోయింది. పక్కన నా చేతిరాతే ఉంది: జాగ్రత్త కోసం ఆరు కలిపి నలభై.

120వ రోజు పది పదికి గాలి ముప్ఫై ఐదు. అప్పటికి ఆరో బద్ద ఉంది.

డాక్టరు గారికి పుస్తకం చూపించాను. చాలాసేపు చూశారు. అప్పుడే చేసి ఉంటే నడిమి చూపు నిలిచేదా అని అడిగాను. నిలిచి ఉండవచ్చు, నిలవకపోవచ్చు, అప్పటికే చాలా దగ్గరికి వచ్చింది అన్నారు. పొగ వేరు, దగ్గు వేరు, ఆ ఆరు కలిపినందుకే తాను బతికి ఉన్నానేమో కూడా తెలియదన్నారు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, రేపటి ఆరుగురి జాబితా అడిగారు.

127వ రోజు

గాలి నలభై ఆరు. పోలమ్మకు జ్వరం లేదు. నలుపు దిగిపోయిందన్నారు. చూపు కింది భాగంలో బుడగ నీటిమట్టంలా ఊగుతోందట. అది కొద్ది వారాల్లో కరిగిపోతుందని డాక్టరు గారు చెప్పమంటే చెప్పాను.

మా నలుగురి కాగితాలూ తెలుపు. అప్పలస్వామి తనకు ఒళ్ళు వెచ్చగా ఉందని నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ కొలిచాను. తొంభై ఎనిమిది.

134వ రోజు

గాలి నలభై తొమ్మిది. ఆపరేషనై పద్నాలుగు రోజులు. మా కాగితాలు తెల్లగానే ఉన్నాయి. దిగువమెట్టు మీద పని చేసిన ముగ్గురికీ జబ్బు రాలేదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

కాగితం తెల్లబడినందున పోలమ్మను బుట్టలో పైకి తెచ్చాం. బుట్ట దగ్గర కొత్త ప్రశ్న అడిగాను. ఆవిడ రెండు కళ్ళ గురించీ సావధానంగా చెప్పారు, నేను రాసుకున్నాను. దీపం దగ్గర ఆరు నిమిషాలు. చుక్కలు రెండు. కుడి కంటి వెనక పొర అతుక్కుంది. అక్షరాల పలక మీద నాలుగో వరుస దాకా చదివారు. అది మేము ఆశించినదానికంటే మంచి ఫలితం.

ఆ తరవాత మంచె అంచున, గాలికి, ఇనుప కమ్మీ దగ్గర నిలబడ్డాం. ఆవిడ ఉత్తరాన, నేను దక్షిణాన, మధ్య ఆరడుగుల దూరం. కమ్మీ ఎలా కనబడుతోందని అడిగాను.

"నడుమన వంగింది. ఎవరో కూకుంటే వంగినట్టు. అటు సూత్తే అక్కడ వంగుద్ది. ఎటు సూత్తే అటే."

అది అలాగే ఉండిపోవచ్చని డాక్టరు గారు చెప్పారా అన్నాను. చెప్పారట.

నేను చెప్పవలసినవి రెండు ఉన్నాయి. వరుసలో చెప్పాను. మొదటిది, గంట. అది ఆవిడకు తెలుసు. రెండోది, ఆరు. పొగ, ముప్ఫై నాలుగు, పది పది, నాలుగున్నర బద్దలు, అన్నీ చెప్పాను. ఆవిడ కమ్మీ మీద చెయ్యి వేసి, వేలితో దాని పొడవునా రాస్తూ విన్నారు.

"ఆ పూట మీరు ముందే జెండా ఎత్తేసుంటే డాక్టరమ్మకి వచ్చేదా?"

తెలియదన్నాను.

"నా సూపు నిలిచేదా?"

అదీ తెలియదన్నాను.

"అయితే తెలవదనే రాసుకోండి. ఎటోవైపుకి రాసీకండి." తరవాత, "గంట మాటుకు మీదే తప్పు" అన్నారు. అవునన్నాను.

రేవు సంఘం పంపిన కాగితం జేబులోంచి తీశారు. అందులో రెండే గడులు. పడవ నడపగలరు. పడవ నడపలేరు. ఒకదాంట్లో గుర్తు పెట్టి, కింద ఆసుపత్రి ముద్ర వేయాలి, పక్కన సరంగు సంతకం చేయాలి.

ఇక్కడ నేను చేసిన పని కూడా రాయాలి. నాలుగో వరుస చదివారు కనుక నడపగలరు అన్న గడిలో గుర్తు పెట్టవచ్చునని, సంఘం వాళ్ళకు అంతకుమించి తెలియనక్కర్లేదని అన్నాను. నియమాల మనిషిని, నాకు నేనుగా అన్నాను. ఆవిడ నా వైపు చూశారు. నా ముఖం కూడా నడుమన వంగి కనబడి ఉంటుంది.

"పన్నెండుమంది కూకుంటారు బాబూ నా పడవలో. గుంజ తిన్నగుందో వంగిందో నాకు తెలవాలా వద్దా?"

గడులు వదిలేసి ఉన్నది రాయమన్నారు. ఆవిడ చెప్పారు, నేను రాశాను: ఒడ్డు కనబడుతుంది. మనుషులు కనబడతారు. గుంజల్లేని నీటిలో తెడ్డు వేయగలదు. గుంజల మధ్య పడవ నడపలేదు, జనాన్ని ఎక్కించుకోలేదు. చదివి వినిపించాను. ఒక్క మాట మార్చమన్నారు. నడపలేదు అన్నచోట నడపకూడదు అని పెట్టమన్నారు. మార్చాను.

కలం అందుకుని, కాగితాన్ని కమ్మీ మీద ఆనించి, మెల్లగా సంతకం చేశారు. ముప్ఫై ఏళ్ళుగా రేవు పుస్తకంలో రోజూ చేసిన సంతకం.

"గీత మీదే ఉందా?" అని అడిగారు.

"లేదండి. చివరి రెండక్షరాలు గీత దాటి కిందికి దిగాయి. కావాలంటే ఇంకో కాగితం తెస్తాను."

"వద్దు, ఉండనీండి" అన్నారు పోలమ్మ. "ఆళ్ళకీ కనపడాలి గదా."